9 మచ్చలు 14 అయ్యాయంటే ఎంఎస్ పెరిగినట్టేనా? పాత, కొత్త ఎంఆర్‌ఐలను పోల్చి చూడటం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆవిడకు 34 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఎడమ కన్ను మసకబారి, ఆ తర్వాత కాళ్లకు తిమ్మిర్లు పట్టి, మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎంఎస్) అని తేలింది. అప్పుడు 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత) మెషీన్ మీద తీసిన బ్రెయిన్ ఎంఆర్‌ఐలో 9 మచ్చలున్నాయని రాశారు. మందు మొదలయ్యేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మొన్న వేరే సెంటర్లో 3 టెస్లా మెషీన్ మీద, కాంట్రాస్ట్ (తాజా మచ్చలు మెరిసేలా సిరలోకి ఎక్కించే మందు) లేకుండా తీస్తే రిపోర్టులో 14 అని వచ్చింది. ఆవిడ మాత్రం బాగానే తిరుగుతోంది, ఈ ఇరవై నెలల్లో ఒక్క అటాక్ కూడా రాలేదు. మందు పనిచేయడం లేదా, కాంట్రాస్ట్ ఇవ్వని స్కాన్ లెక్కలోకి వస్తుందా, తదుపరి స్కాన్‌కు ముందు మందు ఆపాలా అన్నవి మీ ప్రశ్నలు.

న్యూరోరేడియాలజీలో పదిహేడేళ్లుగా ఉన్నాను. ఎంఎస్ స్కాన్లు చదవని వారం ఉండదు. ఆవిడ ఇమేజ్‌లు నేను చూడలేదు కాబట్టి ఆవిడ జబ్బు గురించి ఏమీ తేల్చి చెప్పను. కానీ 9కీ 14కీ మధ్య ఉన్న ఆ 5 అంకెను మాత్రం నేనైతే ఇంకా నమ్మను. కొత్త మచ్చ అన్న మాటకు అర్థం రావాలంటే ముందు దాన్ని దేనితో పోల్చారో తెలియాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అసలు ఎవరూ ఇమేజ్‌ను ఇమేజ్‌తో పోల్చినట్టు లేదు. ఒక రిపోర్టులోని అంకెను ఇంకో రిపోర్టులోని అంకెలోంచి తీసేశారు, అంతే.

ముందు ఆ మచ్చ ఏమిటో చూద్దాం. మన రోగనిరోధక కణాలే మెదడులోకి చొరబడి, నరాల తంతువుల మీద ఉండే మైలిన్ పొరను ఊడగొట్టిన చోటు అది. అక్కడ వాపు వస్తుంది, నీరు చేరుతుంది. ఎంఆర్‌ఐ ప్రధానంగా పట్టుకునేది నీటిలోని హైడ్రోజన్‌ను కాబట్టి ఆ చోటు టీ2 అనే రకం ఇమేజ్‌లో తెల్లగా కనిపిస్తుంది. ఫ్లెయిర్ అనే సీక్వెన్స్‌లో మెదడు చుట్టూ, లోపలి గదుల్లో ఉండే ద్రవం నల్లబడిపోతుంది, అందుకని ఆ గదుల అంచునే ఉన్న మచ్చ కూడా స్పష్టంగా తేలుతుంది. చిక్కల్లా ఏమిటంటే, వాపు తగ్గినా ఆ తెలుపు సాధారణంగా పోదు, చిన్నప్పుడు కాలిన మచ్చ చేతి మీద ఉండిపోయినట్టు ఉండిపోతుంది. పరిమాణం కొంచెం తగ్గొచ్చు, మాయమవడం అరుదు. అందుకే ఒక్క ఫ్లెయిర్ ఇమేజ్ చేతిలో పెట్టి ‘ఇది ఎప్పటిది?’ అని అడిగితే నేనూ చెప్పలేను. పోయిన నెలదీ పదేళ్ల కిందటిదీ ఒకేలా ఉండొచ్చు. వయసు తెలియాలంటే పాత స్కాన్ పక్కన ఉండాలి, లేదా కాంట్రాస్ట్ ఇచ్చి ఉండాలి.

ఇక ఆ అంకెల సంగతి. పాతకాలపు పద్ధతిలో మెదడును 5 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా, మధ్యలో మిల్లీమీటరో రెండో ఖాళీ వదిలి తీసేవారు. చాలాచోట్ల ఇప్పటికీ అలాగే తీస్తున్నారు. పెసరగింజంత మచ్చ ఆ ఖాళీలో పడితే ఇమేజ్‌లో కనపడదు. ముక్కలో సగమే పడితే పక్కనున్న మామూలు కణజాలంతో కలిసిపోయి లేత బూడిద రంగులో పోతుంది, చూసినవాళ్లు పట్టించుకోరు. ఇప్పుడు చాలా సెంటర్లలో ఖాళీలు లేకుండా మిల్లీమీటరు మందంతో త్రీడీ ఫ్లెయిర్ తీస్తున్నారు. దానికి తోడు 3 టెస్లా మీద సిగ్నల్ బలంగా ఉంటుంది, చిన్నవి ఎక్కువ బయటపడతాయి. కాబట్టి మచ్చలు ఒక్కటి కూడా పెరగకపోయినా, మెషీన్ మారినందుకే అంకె పెరగొచ్చు. పైగా లెక్కపెట్టే మనుషులం మేమూ అందరం ఒకేలా లెక్కపెట్టం. రెండు మచ్చలు అంటుకుని ఉంటే ఒకరు ఒకటంటారు, ఇంకొకరు రెండంటారు. 3 మిల్లీమీటర్ల కంటే చిన్న చుక్కలను లెక్కలోకి తీసుకోకూడదని నియమం ఉన్నా, అలసిపోయిన సాయంత్రం పూట ఆ నియమం ఎంతమంది పాటిస్తారో నాకు తెలుసు.

నేను చేసిన తప్పే చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక అమ్మాయి ఫాలోఅప్ స్కాన్ చదువుతూ కుడి ఫ్రంటల్ లోబ్‌లో, మెదడు పై పొరకు ఆనుకుని ఒక మచ్చ కనిపిస్తే ‘కొత్తది’ అని రాసేశాను. పాత యాక్సియల్ (అడ్డంగా కోసిన) ఫ్లెయిర్‌లో ఆ చోటు శుభ్రంగా ఉంది, నా ధైర్యం అదే. మర్నాడు న్యూరాలజిస్ట్ ఫోన్ చేసి, “పాతదాంట్లో సాజిటల్ చూశారా?” అని ఒక్క ముక్క అడిగారు. చూడలేదు. తెరిచి చూస్తే పక్కనుంచి తీసిన ఆ ఇమేజ్‌లో మచ్చ అప్పటికే ఉంది, అడ్డంగా కోసిన రెండు ముక్కల మధ్య ఖాళీలో కూర్చుని ఉంది. నా ఒక్క మాటతో ఆ అమ్మాయికి మందు మార్చేవాళ్లే. అప్పటినుంచి పాత స్కాన్‌ను అన్ని కోణాల్లోనూ చూడనిదే ‘కొత్తది’ అన్న మాట టైప్ చేయను.

పోల్చడమంటే నిజంగా ఎలా చేస్తామో చెప్తే మీకు ఆ రిపోర్టు ఎంత దూరం నమ్మాలో అర్థమవుతుంది. రెండు స్కాన్లనూ పక్కపక్కన తెరుస్తాను. మొదట చూసేది మచ్చలను కాదు, తల వంపును. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసం అడుగుభాగానికి సమాంతరంగా ముక్కలు కోయాలని పద్ధతి. టెక్నీషియన్ దాన్ని పాటించకపోతే, గడ్డం కాస్త పైకెత్తి పడుకున్న ఏడాది ఒకలా, కిందికి దించిన ఏడాది ఇంకోలా ముక్కలు పడతాయి. అదే మచ్చ ఒక స్కాన్‌లో గుండ్రంగా, ఇంకోదాంట్లో పొడుగ్గా కనపడుతుంది. రెండూ త్రీడీలో ఉంటే సాఫ్ట్‌వేర్‌లో ఒకే వంపుకు తెచ్చుకోవచ్చు. తర్వాత పైనుంచి కిందికి రెండింటినీ కలిపి నడిపిస్తూ, పాతదాంట్లో నల్లగా ఉండి కొత్తదాంట్లో తెల్లబడ్డ చోటు కోసం వెతుకుతాను. మొత్తం ఎన్ని అన్న లెక్క నాకు అక్కర్లేదు, కొత్తగా వచ్చినవి, స్పష్టంగా పెద్దవైనవి చాలు. ఒక ఇమేజ్‌లోంచి ఇంకోదాన్ని తీసేసి తేడా మాత్రమే చూపించే పద్ధతి కూడా ఉంది. మెదడంతా బూడిదరంగై, కొత్త మచ్చ ఒక్కటే దీపంలా మిగులుతుంది. దాన్ని చూసినప్పుడు ఇన్నాళ్లూ కళ్లతో ఎన్ని వదిలేశామో అని సిగ్గేస్తుంది. కానీ రెండు స్కాన్లూ ఒకే తీరులో తీసి ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. ఏఐతో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లకూ అదే జబ్బు, పొంతన లేని ఇమేజ్‌లు పెడితే పొంతన లేని అంకెలే ఇస్తాయి.

మీ ఆవిడ విషయంలో మెషీన్ కంటే కూడా నన్ను ఆపుతున్నది తేదీలు. మొదటి స్కాన్‌కూ మందు మొదలవడానికీ మధ్య నాలుగు నెలలున్నాయి. మందు పడ్డాక కూడా ఒంట్లో పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో పుట్టిన మచ్చలను మందు ఖాతాలో వేయడం అన్యాయం. అందుకే మందు మొదలైన 3 నుంచి 6 నెలలకు ఒక కొత్త స్కాన్ తీసి, ఇకమీదట పోలికలన్నీ దానితోనే చేయాలని యూరప్, ఉత్తర అమెరికా నిపుణుల బృందాలు కలిసి 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీన్ని మేం కొత్త బేస్‌లైన్ అంటాం. గ్లాటిరామర్ లాంటి నెమ్మదిగా పనిచేసే మందుకైతే ఇంకా కాస్త ఆగి తీస్తారు. మీకు ఆ స్కాన్ తీయలేదు. కాబట్టి ఆ 5 మచ్చల్లో కొన్ని మెషీన్ మారినందువల్ల కనపడ్డవి కావచ్చు, కొన్ని మందు పట్టుకోకముందు వచ్చినవి కావచ్చు, కొన్ని నిజంగానే మందును దాటుకుని వచ్చినవి కావచ్చు. మొదటి రకంలో కొన్నింటిని పాత ఇమేజ్‌లు మళ్లీ చూసి తీసేయొచ్చు. మిగతా రెండింటినీ ఈ రెండు స్కాన్లతోనే విడదీయడం ఎవరివల్లా కాదు.

కాంట్రాస్ట్ గురించి మీరు అనవసరంగా బాధపడుతున్నారు. కాంట్రాస్ట్‌లో ఉండే గడోలినియం మామూలుగా రక్తంలోంచి మెదడులోకి పోదు, మధ్యలో ఒక అడ్డుగోడ ఉంటుంది. మంట రగులుతున్న తాజా మచ్చ దగ్గర ఆ గోడకు చిల్లులు పడతాయి, కాంట్రాస్ట్ కారి అక్కడ టీ1 అనే ఇంకో రకం ఇమేజ్‌లో మెరుస్తుంది. ఆ మెరుపు సగటున మూడు వారాలే ఉంటుంది, రెండు నెలలు దాటడం తక్కువ. మూడు నెలలైనా అదే మచ్చ అలాగే మెరుస్తుంటే అసలు ఇది ఎంఎస్‌యేనా అని మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తాం. అంటే ఏడాదికోసారి కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన స్కాన్ మీకు ఆఖరి కొద్ది వారాల కథే చెప్తుంది. అదే ఏడాది కిందటి మంచి స్కాన్ చేతిలో ఉంటే, కాంట్రాస్ట్ లేకుండానే టీ2లో కొత్త మచ్చలు ఏడాది మొత్తం కథ చెప్తాయి. అందుకే ఫాలోఅప్‌లో కాంట్రాస్ట్ ప్రతిసారీ అవసరం లేదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. మొదట జబ్బు నిర్ధారణ చేసేటప్పుడు, పాత స్కాన్ లేనప్పుడు, మెదడు నిండా మచ్చలు కలిసిపోయి కొత్తదాన్ని పట్టుకోవడం కుదరనప్పుడు మాత్రం అది కావాలి.

దీని వెనక ఇంకో కారణమూ ఉంది. పదేపదే కాంట్రాస్ట్ తీసుకున్నవాళ్ల మెదడులో కొన్ని లోతైన భాగాల్లో గడోలినియం ఆనవాళ్లు మిగులుతున్నాయని 2014లో జపాన్ రేడియాలజిస్టులు గమనించారు. దానివల్ల మెదడుకు హాని జరిగినట్టు రుజువు కాలేదు. అయినా 2017లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ కొన్ని రకాల కాంట్రాస్ట్‌ల వాడకాన్ని ఆపించింది. దశాబ్దాల తరబడి స్కాన్లు తీయించుకోవాల్సిన జబ్బులో అవసరం లేని ఇంజెక్షన్ ఎందుకన్నదే నా లెక్క కూడా. ఇంకో మాట, స్టెరాయిడ్ డ్రిప్ ఎక్కించుకున్న వెంటనే కాంట్రాస్ట్ స్కాన్ తీస్తే మెరవాల్సినవి మెరవవు. స్టెరాయిడ్ ఆ గోడ చిల్లులను తాత్కాలికంగా పూడుస్తుంది. రిపోర్టులో ‘యాక్టివ్ లీషన్ లేదు’, అంటే రగులుతున్న మచ్చ లేదు అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అసలు సంగతి వేరు. స్టెరాయిడ్ ఏ తేదీన ఇచ్చారో రిక్వెస్ట్ ఫారం మీద రాయమని నేను అరిచి చెప్పేది ఇందుకే.

‘మనిషి బాగానే ఉంది కదా’ అన్న మీ మాటకు వస్తాను. ఇక్కడ మాత్రం మీకు పూర్తి ఊరట ఇవ్వలేను. ఎంఎస్‌లో ఎంఆర్‌ఐకి అంత విలువ రావడానికి కారణమే మౌనంగా వచ్చిపోయే మచ్చలు. 1980లలో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు, ఇంకొందరు, బయటికి ఆరోగ్యంగా ఉన్న పేషెంట్లకు కొన్ని వారాలకోసారి స్కాన్లు తీసి చూశారు. మధ్యమధ్యలో కొత్త మచ్చలు వస్తూనే ఉన్నాయి, పేషెంట్లకు తెలియనే తెలియదు. తెలిసేలా వచ్చే ఒక్కో అటాక్‌కు లోపల ఐదు నుంచి పది దాకా కొత్త మచ్చలు వస్తాయని లెక్క. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి ఆమోదం పొందినప్పుడు, దాని ట్రయల్‌లో మచ్చలు తగ్గినట్టు చూపిన స్కాన్లు ఆ మందు మీద నమ్మకం పెంచాయి. మచ్చ ఎక్కడ వచ్చిందన్నదే లక్షణాలను నిర్ణయిస్తుంది. ఫ్రంటల్ తెల్లపదార్థంలో రూపాయి బిళ్లంత మచ్చ ఏమీ చేయకపోవచ్చు, బ్రెయిన్‌స్టెమ్‌లో (మెదడును వెన్నుపాముతో కలిపే కాండం) కందిగింజంతది చూపును రెండుగా చీల్చేస్తుంది.

కాబట్టి కొత్త బేస్‌లైన్ పెట్టుకున్నాక నిజంగా కొత్త మచ్చలు వస్తే, లక్షణాలు లేవు కదా అని వదిలేయకూడదు. ఎన్ని వస్తే మందు మార్చాలన్న దానికి అందరూ ఒప్పుకునే ఒక్క అంకె లేదు. పాత తరం ఇంజెక్షన్ల మీద ఏడాదిలో ఒక చిన్న మచ్చ వస్తే చాలామంది న్యూరాలజిస్టులు ఆగి చూస్తారు. ఒక్రెలిజుమాబ్, నటలిజుమాబ్ లాంటి బలమైన మందుల మీద ఉండి బేస్‌లైన్ తర్వాత ఒక్కటొచ్చినా కనుబొమ్మలు ముడివేస్తారు, ఎందుకంటే అక్కడ ఆశించేది సున్నా. నటలిజుమాబ్ వాడుతూ, రక్తపరీక్షలో జేసీ వైరస్ రిస్క్ ఎక్కువున్నవాళ్లకు 3, 4 నెలలకోసారి స్కాన్ తీస్తారు. అక్కడ మేం వెతికేది ఎంఎస్ మచ్చను కాదు, ఆ వైరస్ తెచ్చే పీఎంఎల్ అనే ప్రమాదకరమైన మెదడు ఇన్ఫెక్షన్ తొలి జాడను. మీ ఆవిడ ఏ మందు మీద ఉందో మీరు రాయలేదు, న్యూరాలజిస్ట్ ముందు చూసేది అదే.

తెల్లగా ఉన్నదల్లా ఎంఎస్ కాదు, అదీ గుర్తుంచుకోండి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు, వయసు మీదపడ్డవాళ్లకు చిన్నచిన్న చుక్కలు వస్తాయి, ఏ కారణం లేనివాళ్లకూ వస్తాయి. ఎంఎస్ మచ్చకు ఒక పోకడ ఉంది. కోడిగుడ్డు ఆకారంలో, మెదడు గదుల గోడకు నిలువుగా, ఒక చిన్న సిరను పట్టుకుని ఉంటుంది. 1916లో ఎడిన్‌బరోలో జేమ్స్ డాసన్ మైక్రోస్కోప్ కింద చూసి ఇదే వర్ణించాడు, అందుకే వాటికి డాసన్ వేళ్లని పేరు. ఇప్పుడు ప్రత్యేక సీక్వెన్స్‌లో మచ్చ నడిబొడ్డున ఆ సిర నల్ల గీతలా కనిపిస్తుంది. నిర్ధారణకు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్ని 2024లో సవరించినప్పుడు ఈ గుర్తును కూడా చేర్చారు, కంటి నరాన్ని కూడా మచ్చలు లెక్కించే ఐదో చోటుగా ఒప్పుకున్నారు. మీ 14లో కొన్ని చుక్కలకు అసలు ఎంఎస్‌తో సంబంధమే లేకపోవచ్చు, 3 టెస్లా మీద అలాంటివి మరీ కనిపిస్తాయి.

వెన్నుపాము స్కాన్ ప్రతి ఏడాదీ అక్కర్లేదు. వెన్నుపాము సన్నది, ఊపిరితో, గుండె కొట్టుకోవడంతో కదులుతుంటుంది, ఇమేజ్ చెడిపోవడం ఎక్కువ. కొత్తగా నడకలో, మూత్రంలో ఇబ్బంది వస్తే తప్పకుండా తీయాలి. ‘మెదడు కుంచించుకుపోయింది’ అని రిపోర్టులో ఉంటే దాన్ని రెండు స్కాన్ల మీద ఆధారపడి నమ్మొద్దు. ఎంఎస్‌లో మెదడు ఏడాదికి సుమారు 0.5 శాతం నుంచి ఒక శాతం పైదాకా తగ్గవచ్చు. మామూలు మనిషికి అది 0.1 నుంచి 0.3 శాతం. ఇంత చిన్న తేడాను ఒంట్లో నీరు తగ్గడం, మెషీన్ మారడం సునాయాసంగా మింగేస్తాయి. మందు మొదలైన తొలి ఏడాది వాపు దిగి మెదడు కాస్త తగ్గినట్టు కనపడటం కూడా మామూలే. టీ1లో నల్లగా మిగిలిపోయే మచ్చలు, అంచున ఇనుము పేరుకుని లోలోపల రాజుకుంటూ మెల్లగా పెరిగే మచ్చలు ముందుముందు ఎంత నష్టం జరుగుతుందో చెప్పడంలో ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. కానీ రోజువారీ రిపోర్టుల్లో వాటిని రాసేవాళ్లు ఇంకా తక్కువ.

ఇక మీరు చేయాల్సింది. రెండు స్కాన్ల సీడీలూ, అంటే పూర్తి డైకామ్ ఇమేజ్‌లు (మెషీన్ ఇచ్చిన అసలు డిజిటల్ ఫైళ్లు), సంపాదించండి. ప్రింట్ చేసిన ఫిల్ములూ, ఫోన్‌లో తీసుకున్న ఫొటోలూ పోల్చడానికి పనికిరావు. పాత సెంటర్ ఇమేజ్‌లను తీసేయకముందే వెళ్లండి, కొన్నేళ్లకు చాలాచోట్ల తీసేస్తారు. ఆ రెండూ కలిపి ఒకే రేడియాలజిస్ట్‌తో చదివించమని మీ న్యూరాలజిస్ట్‌ను అడగండి. ‘మొత్తం ఎన్ని?’ అని కాదు, ‘ఇప్పుడున్న వాటిలో పాత స్కాన్‌లో నిజంగా లేనివి ఏవి, 3 మిల్లీమీటర్ల పైన ఉన్నవి ఏవి?’ అని రాసివ్వమనండి. మొన్నటి 3 టెస్లా స్కాన్‌ను కొత్త బేస్‌లైన్‌గా పెట్టుకోవచ్చు. ఆవిడ ఇలాగే ఉంటే, మందు మార్చేంత స్పష్టమైన ఆధారం లేకపోతే, ఆరు నెలల తర్వాత అదే సెంటర్లో, అదే మెషీన్ మీద, అదే ప్రోటోకాల్‌తో ఇంకోటి తీస్తే అసలు జవాబు దొరుకుతుందని నా అభిప్రాయం. అప్పుడొచ్చిన ఒక్క కొత్త మచ్చకు ఇప్పటి 5 కంటే బరువెక్కువ. ఈలోగా ఒక రోజుకు మించి ఉండే కొత్త తిమ్మిరి, చూపు మసక, తూలడం లాంటిది ఏదైనా వస్తే ఆరు నెలలు ఆగకండి, వెంటనే చూపించండి.

మీ చివరి ప్రశ్న, స్కాన్‌కు ముందు మందు ఆపాలా అని. ఆపకండి. స్కాన్ చూడాల్సింది మందు వేసుకుంటున్న మెదడునే. నటలిజుమాబ్, ఫింగోలిమోడ్ లాంటివి మధ్యలో ఆపితే జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడే ప్రమాదం కూడా ఉంది. ఎవరైనా టెక్నీషియన్ ఆపమన్నా సరే, ముందు మీ న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేయండి.